ఎనిమిదో అంతస్తు కుళాయి

నాకు నోటి దురుసు ఎక్కువ. పెర్నిక్‌లో ఊళ్లో మా ఎనిమిదంతస్తుల బిల్డింగంతటికీ ఆ సంగతి తెలుసు. ఆ జనవరిలో మెట్ల దగ్గర మీటింగు పెట్టినప్పుడు కూడా అందరికంటే ముందు నోరు విప్పింది నేనే.

పగలంతా పైనుంచి కిందిదాకా మా వరస ఇళ్లలో గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు చల్లబడిపోతున్నాయి. ప్లంబరుకి సాయంత్రం గానీ తీరదు. అతను వచ్చేసరికి గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. "మీకేమైనా కలలొస్తున్నాయా?" అని విసుక్కుని పోయాడు. మూడో అంతస్తు లుబెన్ అక్టోబరులో కొత్త రేడియేటర్ పెట్టించాడు. ఇంకేం, వేడంతా లాగేస్తున్న దొంగ దొరికాడు.

"అది తీయించు. నీ సోకుల కోసం ఇంతమంది వణకాలా?" అన్నాను.

"మా ఇల్లూ చల్లగానే ఉంది కదా పిన్నీ. పాపకి ఇంకా నెల నిండలేదు," అన్నాడు లుబెన్.

"పాపని అడ్డం పెట్టుకోకు."

ఆ మాట అన్నదీ నేనే. అందరూ చేతులెత్తారు. గురువారం అతను రేడియేటర్ తీయించి, గొట్టానికి గొట్టం కలిపించాడు. పాప పడుకునే గదికి ఉన్న వేడి అదొక్కటే.

మర్నాడు పన్నునొప్పితో నేను పనిచేసే దుకాణానికి వెళ్లలేదు. అలవాటు కొద్దీ పొద్దున్నే మా రేడియేటర్ కుళాయి కట్టేశాను. వేడినీళ్లు మా బిల్డింగులో పైనుంచి ఒక్కో ఇంటి రేడియేటర్లో దూరి కిందికి దిగుతాయి. మొదటి వేడంతా ఎనిమిదో అంతస్తులో నాకే. ఉడికిపోతున్నానని నవంబరులో మా తమ్ముడి చేత రేడియేటర్‌కి కుళాయి పెట్టించుకున్నాను. పనికి వెళ్తూ కట్టేసి, సాయంత్రం వచ్చి తిప్పేదాన్ని.

కాసేపటికి ఎందుకో కిందికి దిగే గొట్టం మీద చెయ్యి వేశాను. మంచులా ఉంది. కుళాయి తిప్పితే వేడెక్కింది, కడితే మళ్లీ చల్లబడింది. నీళ్లకి పక్కదారి వదలకుండా బిగించాడు మా మేధావి తమ్ముడు. ఇన్నాళ్లూ కింది ఏడిళ్ల వేడినీ నా చేత్తో నేనే కట్టేశాను.

ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. చెప్పేద్దామని మూడో అంతస్తు దాకా దిగాను. లోపల పాప దగ్గుతోంది. బెల్లు మీద వేలు పెట్టి, నొక్కకుండానే తీసేశాను. పైకొచ్చి కుళాయి పూర్తిగా తిప్పి, పిడి పీకి చెత్తలో పడేశాను.

ఆ రోజు నుంచి ఇళ్లన్నీ వెచ్చబడ్డాయి. "చూశావా, అంతా లుబెన్ నిర్వాకమే," అన్నారు ఇరుగుపొరుగు. నేను తలూపాను.

ఆదివారం లుబెన్ మా తలుపు తట్టాడు. చేతిలో ఎర్రమిరప పచ్చడి సీసా.

"మీరన్నదే నిజమైంది పిన్నీ. మా వల్ల మీరంతా చలిలో ఇబ్బంది పడ్డారు. మనసులో పెట్టుకోకండి."

"పాపకెలా ఉంది?"

"దగ్గు తగ్గలేదు. ఆ గది వదిలేసి ముగ్గురం వంటింట్లోనే పడుకుంటున్నాం."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క మాట, అది నా కుళాయి వల్ల అని ఒక్క మాట అంటే చాలు. అతను తలొంచుకుని నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు.

నేను సీసా అందుకున్నాను. "పర్వాలేదులే లుబెన్, నేనేమీ అనుకోలేదు," అన్నాను.