ఎక్కడికి అని అడగకూడదు

సముద్రమట్టానికి పన్నెండు వేల అడుగుల ఎత్తున కూడా నాగేశ్వరప్రసాద్ గారి సాక్సులు నాగేశ్వరప్రసాద్ గారికి కనబడలేదు. తెల్లవారి అయిదున్నర. గుడారం బయట గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుంది. ఆయన స్లీపింగ్ బ్యాగులోంచి తల మాత్రం బయటపెట్టి, "నా సాక్సులెక్కడ పెట్టావే?" అన్నారు. నిన్న వాగు దాటినప్పుడు అవి తడిస్తే, ఒంటి వెచ్చదనానికి ఆరతాయని రాజరాజేశ్వరి తన బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుంది. తీసి చేతికిచ్చింది. ఆయన తొడుక్కోలేదు, తల పగిలిపోతోందన్నారు.

ఆరు రోజుల నడకలో ఇది నాలుగో రోజు. ఇవాళ కనుమ దాటి అవతలి లోయలోకి దిగాలి. హిమాలయాలకు రావాలన్నది ఆమె కోరికేం కాదు. నిడదవోలులో ప్రసాద్ గారు చేరిన వాకింగ్ క్లబ్బువాళ్ళు ఇలాంటి యాత్రలు నడిపించే, కాకినాడ నుంచి వచ్చిన లావణ్య అనే అమ్మాయితో మాట్లాడుకుని బయల్దేరారు. ఆడవాళ్ళు కూడా రావచ్చన్నారు. "నువ్వు రాకపోతే నాకు మాత్రలెవరు గుర్తుచేస్తారు? అక్కడి తిండి నాకు పడుతుందా?" అని ఆయన ఆమె పేరూ రాయించారు. మూడు నెలలు పొద్దున్నే కాలవగట్టు మీద నడిచి ప్రాక్టీసు చేశారు. ఆమె తమ స్టీలు సామాన్ల కొట్లో బిందెలూ గంగాళాలూ మోసుకుంటూ ముప్ఫయ్యేళ్ళుగా అటక మీదికి ఎక్కి దిగుతూనే ఉంది గానీ, దాన్నెవరూ ప్రాక్టీసు అనలేదు. కొట్టు బోర్డు మీద మామగారి పేరు, కింద "అండ్ సన్స్" అని ఉంటుంది.

గైడు వచ్చి ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి చూశాడు. భయపడాల్సిందేం లేదు గానీ ఇక పైకి ఎక్కకూడదన్నాడు. మనిషి తోడు వచ్చి కింద ఊళ్ళో దించుతాడు, అక్కణ్ణుంచి జీపులో చుట్టు తిరిగి రేపు సాయంత్రానికల్లా అవతలివైపు అందరినీ కలుసుకోవచ్చు. కిందికి దిగితే ఆ తలనొప్పి దానంతటదే తగ్గుతుందట. ఆ హిందీ అంతా లావణ్య తెలుగులో చెప్పింది.

"సరే, దిగిపోదాం. సర్దెయ్," అన్నారు ప్రసాద్ గారు.

దిగిపోదాం అన్నారు గానీ, దిగిపోతాను అనలేదు. ఆమె చేతులు అప్పటికే సర్దడం మొదలుపెట్టాయి. ఆయన బీపీ మాత్రలు, జండూబామ్, మంకీక్యాప్, రెండో స్వెట్టరు, కందిపొడి డబ్బా, మాగాయ సీసా, ఆయన చదవని పుస్తకం. ఒక్కొక్కటీ తన బ్యాగులోంచి తీసి ఆయన బ్యాగులో పెట్టింది. పెట్టడం అయ్యాక తన బ్యాగు ఎత్తి చూసుకుంటే అది ఒంటిచేతికి లేచింది. నాలుగు రోజుల నుంచీ, నేనే అందరికన్నా వెనకపడుతున్నాను, నా మూలంగా అందరికీ ఆలస్యమవుతోంది అని సిగ్గుతో చచ్చిపోతోందామె. ఇదా సంగతి అనుకుంది. ఆ బ్యాగు భుజానికి తగిలించుకుని గుడారం జిప్పు తీసింది.

"ఎక్కడికి?" అన్నారాయన.

రాజరాజేశ్వరి ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఓ రోజు పొద్దున ఈయన సంచీ పుచ్చుకుని గడప దాటబోతుంటే, ఊరికే ముచ్చటకి ఎక్కడికండీ అని అడిగింది. అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. "మగవాడు బయల్దేరుతుంటే ఎక్కడికి అని అడుగుతారా? మీ ఇంట్లో ఎవరూ నేర్పలేదా? దూరమా అని అడగాలి," అన్నారు. ఆయన వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరారు. ఆ రోజు ఒక బేరం తప్పిపోతే అది ఈ కొత్తకోడలి నోటివల్లేనని తేల్చారు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళూ ఆమె ఆయన్ని దూరమా అనే అడిగింది. తను మాత్రం చెప్పులేసుకుంటే చాలు, ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు, పొయ్యి మీద ఏం పెట్టావు అని ఇంటిల్లిపాదీ అడిగేవారు. పుట్టింటికి వెళ్తున్నా అదే, పక్కింటికి వెళ్తున్నా అదే. ఆడవాళ్ళ ప్రయాణానికి శకునం కూడా దండగే కాబోలు. ఆ మాటకొస్తే అత్తగారిని కూడా ఎవరూ దూరమా అని అడిగి ఉండరని ఇప్పుడు తోచి, పోయిన ఆవిడ మీద మొదటిసారి జాలేసింది.

ఆమె బ్యాగు దించి గుడారంలో మళ్ళీ కూర్చుంది. హమ్మయ్య, దారికొచ్చింది అన్నట్టు ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆమె సీసా మూత తీసి రెండు గుక్కలు మంచినీళ్ళు తాగింది. మూత బిగించి, లేచి, బ్యాగు తగిలించుకుంది.

"కనుమ దాటి వస్తానండీ. మాత్రలు మీ బ్యాగులో కుడిపక్క జేబులో ఉన్నాయి," అంది.

"నన్నిలా వదిలేసా?"

"మీకు తోడు మనిషున్నాడు కదండీ," అని బయటికి నడిచింది.

అలవాటు కొద్దీ వరసలో చివరికి పోతుంటే లావణ్య చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. "ఇవాళ మీరు ముందు నడవాలి ఆంటీ. కనుమ దాటే రోజున అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళనే ముందు పెడతాం. మీ నడకే అందరి నడక."

గైడు వెనకాలే ఆమె, ఆమె వెనక పదకొండుమంది. ముందు నడవడం ఆమెకి చేతకాలేదు. పది అడుగులకోసారి తిరిగి చూసి సారీ అండీ అంటోంది. పెళ్ళిలో ఏడడుగులు కూడా ఆయన వెనకే వేసింది మరి. గంట గడిచాక రాళ్ళదారి నిట్టనిలువుగా లేచింది. ఊపిరి అందడం లేదు. తలెత్తి కనుమ వైపు చూస్తే ఏడుపొచ్చింది. దిగిపోయినా బావుండేదేమో అనిపించింది కూడా.

అప్పుడు ఆమెకి కొట్లో తన పని గుర్తొచ్చింది. గిన్నెల మీద పేర్లు వేసే మిషను ఆమెదే. పేరు మొత్తం తలుచుకుంటే చెయ్యి ఒణుకుతుంది. ఒక్క అక్షరమే చూడాలి, అదయ్యాక పక్కది. నిడదవోలు చుట్టుపక్కల ఎన్ని పెళ్ళిసామాన్ల మీద ఎంతమంది పేర్లు వేసిందో. సొంత పేరు ఒక గ్లాసు మీదయినా వేసుకోలేదు. ఇంట్లో ఆ పేరుతో పని లేదు, ఏమే అంటే సరిపోతుంది. ఇప్పుడు వేసింది. రా అని ఒక అడుగు, జ అని ఒక అడుగు. రా. జే. శ్వ. రి. ఆరు అడుగులకి ఒక పేరు, ఒక ఊపిరి. పేరు అయిపోగానే మళ్ళీ మొదలు. ఇంత పొడుగు పేరు పెట్టినందుకు నాన్నకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. వెనక్కి తిరిగి సారీ చెప్పడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

పదకొండు గంటలు దాటాక, వెయ్యడానికి పై మెట్టు లేకుండా పోయింది. అదే కనుమ. రాళ్ళ గుట్ట, దాని మీద రంగుగుడ్డల తోరణాలు, మొహాన్ని కోసే గాలి. అవతల ఆమె ఎన్నడూ చూడని లోయ, ఆకుపచ్చగా, కోనసీమే ఇక్కడికొచ్చి పడుకుందా అన్నంత పచ్చగా ఉంది. ఆమె రాయి మీద కూర్చుని హాయిగా, అందరూ చూస్తుండగానే ఏడ్చింది. లావణ్య ఏమీ అడక్కుండా చాక్లెట్టు చేతిలో పెట్టింది. మొత్తం తనే తినేసింది, ఎవరికీ సగం విరిచి ఇవ్వలేదు.

ఫోను మోగింది. పైన సిగ్నల్ ఉందట. ఆయనే. కింద ఊళ్ళో ఉన్నారట, తలనొప్పి పోయిందట, అక్కడివాళ్ళు వేడివేడిగా పప్పన్నం చేస్తున్నారట. మాత్ర వేసుకున్నానని కూడా చెప్పారు, తనే వెతుక్కుని.

"ఇంకా దూరమా?" అన్నారాయన.

మామూలుగానే అడిగారు. ఎన్ని కిలోమీటర్లుందో తెలుసుకుందామని. ఆమె మాత్రం మామూలుగా వినలేదు. ముప్ఫయ్యేళ్ళలో ఆ మాట ఆమెకి ఎదురవడం ఇదే మొదలు. చలికి పగిలిన పెదవులు నవ్వుకి మండాయి. లేచి బ్యాగు భుజానికి తగిలించుకుని, వరసకి ముందు వెళ్ళి నిలబడింది.

"దూరమేనండీ. మీరు తినేయండి, నాకోసం చూడకండి," అంది.