జమ్మికి కట్టిన కంచె

గరళకంఠుఁడౌ పశుపతి కరుణతోడ
ముండ్ల చెట్లకు చిగురును, మూఁగమంద
కశన, మిసుకకు తేమయుఁ గలుగఁజేసి
కలసి మెలఁగుఁడనినవాఁడు గాచుఁగాత!

నేను ఒక దోటిని. పొడవైన వెదురు నా దేహం. దాని కొసన వంపు తిరిగిన ఇనుప కొడవలి నా శిరస్సు. మేకలకు అందని కొమ్మను వాటి నోటికి అందించడమే నా జన్మకు ప్రయోజనం.

హగరి ఏటి ఒడ్డున, పడమటి గాలి ఇసుకను దిబ్బలుగా పోసి, ఆ దిబ్బలను ఏటేటా ముందుకు నడిపించే సీమ ఒకటున్నది. తెలుగునేలపై ఎడారి ఏమిటని దూరపువారు నవ్వుతారు. ఆషాఢంలో అక్కడ ఒక్క పూట నిలబడితే ఆ నవ్వు నోట్లోకి ఇసుకై తిరిగి వస్తుంది. ఆ ఊరి కమ్మరి మౌనప్ప నా తలను కొలిమిలో కాల్చి, వంచి, పదును పెట్టి, మేకల కాపరి గాదిలింగప్ప చేతిలో పెట్టాడు.

"భుజం కొమ్మలే కొయ్యప్పా. తలకొమ్మ జోలికి పోవాకు" అన్నాడు.

"మా తాతకు చెప్పుపో ఆ మాట!" అని గాదిలింగప్ప నవ్వాడు. ఆ కట్టడి వారి వంశంలో నాగలి కంటె పాతది.

శమీవృక్షం గర్భంలో అగ్ని దాగి ఉంటుందని వేదవిదులు చెబుతారు. నాకు మాత్రం అందులో నీరే కనబడింది. భూమి పెంకులా మాడిపోయే వైశాఖంలో ఆ జమ్మిచెట్లు పచ్చగా చిగిర్చేవి. నేను కోసిన చోట మరుసటి ఏడు కొమ్మ మరింత గుబురుగా వచ్చేది. మేకలు ఆకు మేసి, రాలిన కాయలు నమిలి, ఆ నీడలోనే పడుకొనేవి. వాటి పెంటికలను పేడపురుగులు ఇసుకలోకి దొర్లించుకొని పోయేవి. ఆ పురుగుల కోసం తొండలు కాచుకొనేవి. మేకల కాళ్లకు బెదిరి లేచిన మిడతలను, వాటి వీపుల మీద స్వారి చేసే పసులపోలిగాడు అనే నల్లపిట్ట గాలిలోనే పట్టుకొనేది. మేక కడుపులోని మంటను దాటి వచ్చిన జమ్మిగింజ తొలకరికి కన్ను తెరిచేది. సృష్టికర్త ఆ ఇసుకలో ఎవరినీ ఒంటరిగా భోజనానికి కూర్చోబెట్టలేదు.

ఒక ఆషాఢంలో పెనుగాలి వీచి దిబ్బ మీది జమ్మిచెట్లను కూల్చింది. దిబ్బకూ బావికీ నడుమ ఒకే ఒక్కటి మిగిలింది. ఆ బావే మందకు, గుడిసెకు నీటి ఆధారం. ఆ చెట్టు కూడా పోతే ఇసుక దిగి వచ్చి బావిని పూడ్చివేస్తుంది. ఊరు విడవడం తప్ప గత్యంతరం లేదు. గాదిలింగప్ప భయపడి, తలంటు పోసుకొని, కులదైవమైన బీరప్పకు మొక్కుకొన్నాడు: ఆ చెట్టు ఇక దేవునిది, దానిని దోటి తాకదు, మేక ముట్టదు. చుట్టూ తుమ్మముళ్ల కంచె వేసి, నన్ను గుడిసె చూరులో చెక్కాడు.

అతని భార్య తిప్పక్క నడుము మీద చేయి వేసుకొని చూసింది.

"ఏమయ్యా, మేకల నోరు కట్టే మొక్కు మొక్కినావే! నీ నోరు కట్టుకొనేది మొక్కరాదా? బీడీ మానుకొందువు."

"నోర్ముయ్యే! బావి పూడితే మీ పుట్టింటి నుంచి తెస్తావా నీళ్లు?"

"మా పుట్టింట్లో నీళ్లుంటే నీకెందుకిస్తారయ్యా నన్ను?"

మనుషులు దేవునికి కానుక ఇచ్చేటప్పుడు ఆయనకు అది కావాలా అని అడగరు. ఇవ్వడంలోని పుణ్యం మీదనే వారి చూపు. చూరులోంచి నేను అన్నీ చూశాను. కంచె లోపల కాయలు పండి, రాలి, కుప్పపడ్డాయి. తినే నోరు లేక వాటిలో పురుగు దూరింది; గింజలు పిండైపోయాయి. ఏటేటా వానలు వచ్చి పోయాయి గాని, కంచెలో ఒక్క మొలకైనా లేవలేదు. పిట్ట మంద వెంట పోయింది. చెట్టు ముదిరింది, దాని తరువాత నిలిచే చెట్టు పుట్టలేదు. ఇసుక బావి గట్టును తాకింది. గాదిలింగప్ప ఉదయమంతా గంపతో ఇసుక ఎత్తిపోసేవాడు. సాయంకాలపు గాలి దానిని తెచ్చి మళ్లీ అక్కడే పోసేది.

మందలో చెవి తెగిన నల్లమేక ఒకటుండేది. దానికి మొక్కులు తెలియవు. ఒక వేసవిలో కంచె సందున తల దూర్చి, అప్పుడే రాలిన కాయలు తిని, బావికి పడమర పక్కన పడుకొని తీరికగా నెమరు వేసేది.

ఆ ఏటి తొలకరి పడిన తరువాత నీళ్లకు వెళ్లిన తిప్పక్క కేక వేసింది.

"ఇట్ల రావయ్యా! ఇవేం మొలకలో చూడు!"

గాదిలింగప్ప పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెంటికల నడుమ, వేలెడు లేని జమ్మిమొక్కలు, దిబ్బకు ఎదురుగా. అతని ముఖం వెలిగి, అంతలోనే మాడిపోయింది.

"చెవితెగిందాని పనే ఇది! మొక్కు చెరిపింది గదే! బీరప్పకు ఏమని చెప్పుకోవల్ల?"

"ఆయప్ప మందలు కాసిన దేవుడు గదయ్యా" అన్నది తిప్పక్క, ఈసారి నవ్వకుండా. "మేకలు రాకూడని చెట్టు కిందికి ఆయప్ప మాత్రం ఎందుకొస్తాడు?"

గాదిలింగప్ప లేచి, టెంకాయ కొట్టి, బీరప్పకు చెంపలు వేసుకొని, కంచె విప్పాడు. నన్ను చూరులోంచి తీసి ఒక భుజం కొమ్మను లాగాడు. మేకలు నా కిందికి ఉరికి వచ్చాయి. ఏళ్ల తరబడి తుప్పు తిన్న నా కొడవలి ఆ ముదిరిన కొమ్మకే కొస విరిగింది. అయినా అంతటి ఆనందం నేను ఎరుగను.

విరిగిన దోటికి మరి పని ఏమున్నది? అతడు పాత కంచె ముళ్లను తెచ్చి, చిన్నమొక్కలు మేక నోటికి మించి ఎదిగేవరకు వాటి చుట్టూ పెట్టాడు. నడుమ నన్ను గుంజగా నాటాడు. ఇప్పుడు మౌనప్ప చేసిన కొత్త దోటి పెద్దచెట్టు కొమ్మలు వంచుతున్నది. జమ్మి తొందరపడే చెట్టు కాదు. నాకూ తొందర లేదు. పడమటి గాలి వీచినప్పుడు ఇసుక మొక్కల మొదళ్ల దాకా వచ్చి, అక్కడ ఆగుతున్నది. బావిలో చేద మునిగిన చప్పుడు వినబడుతూనే ఉన్నది. నిన్న పసులపోలిగాడు తిరిగి వచ్చి, కొమ్మలు కోసి కోసి అరిగిన నా ఇనుప వంపు మీద, అదీ ఒక కొమ్మే అన్నట్టు కూర్చున్నది.

ఈ కథ విన్నవారి బావులలో ఊట తరగకుండు గాక! వారి గడపకు వచ్చిన నోరులేని ప్రాణికి పిడికెడు మేత దొరుకు గాక! వారు వేసిన ప్రతి కంచెకూ ఒక సందు మిగులు గాక! స్వస్తి.