అయిదో మాట

జకరయ్య ట్యాంకరు పైపును భుజానికెత్తుకుని మూడో డ్రమ్ములోకి వంచాడు. చిట్కుల్ కిరాయి గదుల వరసలో పొద్దున తొమ్మిదింటికే ఎండ మండిపోతోంది. పైపు బరువుకు అతని ఎడమ భుజం ఎప్పుడో కిందికి వాలిపోయింది. ఏ చొక్కా తొడిగినా ఒక పక్కకు జారుతుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, గుండెకు మాత్రలు రెండు పూటలా వేసుకోవాలి. ఆ రోజు వేసుకోలేదు. వేసుకోవాలంటే నీళ్లు తాగాలి కదా.

గుడ్ ఫ్రైడే ఉపవాసం మరి. ఆ ఏడాది అది రంజాన్ నెలలోనే వచ్చింది. బండి నడిపే మహబూబ్ అలీ కూడా రోజాలో ఉన్నాడు. అయిదు వేల లీటర్ల నీళ్లు వెనక పెట్టుకుని ఇద్దరూ ఎండిన పెదాలతో ఊళ్లు తిరుగుతున్నారు. చూసినవాళ్లకు నవ్వు రాక ఏమొస్తుంది?

"నీళ్ల బండోళ్లే నోరు తడుపుకోరు. ఏం మనుషులయ్యా మీరు," అంది ఆ గదుల్లో ఉండే సంగమ్మ, బిందె జరుపుతూ. మళ్లీ తనే, "నేను గూడ ఒక్కపొద్దున్న ఇయ్యాల. మహబూబ్ ఫోన్ల సూపిచ్చిన గాజా పిల్లల కోసం. మా మల్లన్నకు చెప్పుకున్న," అంది. బిందె నిండగానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

అక్కడి బోరు నీళ్లు నోట్లో పెట్టుకునేలా ఉండవు. అందుకే పంతొమ్మిదేళ్లుగా జకరయ్యకు ఈ పని ఉంది. ఇస్నాపూర్ దారిలో పొడవాటి ఫ్యాక్టరీ గోడ ఒకటి వస్తుంది. దాని లోపల ఒకప్పుడు అతని నాయన రెండెకరాలూ, బావీ ఉండేవి. గోడ రాగానే జకరయ్య ముఖం అటు తిప్పుకుంటాడు. ఏం కనిపిస్తుందని? ఏమీ కనిపించదు.

యుద్ధం మొదలైన కిందటి అక్టోబరు నుంచి ప్రతి ఆదివారం అతను చర్చిలో మోకాళ్లూని ఇశ్రాయేలు సైన్యం గెలవాలని ప్రార్థించాడు. వాళ్లు దేవుడి ప్రజలని చిన్నప్పటి నుంచి విన్నాడు. అందరూ ప్రార్థించారు, అతనూ ప్రార్థించాడు. ఆ సంగతి తెలిసీ మహబూబ్ పక్క సీట్లో ఒక్క మాటా అనలేదు. ఒకరోజు మాత్రం ఫోనులో పాలస్తీనా వీడియో పెట్టి చేతికిచ్చాడు. ఎవరో వచ్చి కొండ మీద ఇళ్లు కట్టుకుని, కింద ముసలి రైతు తోటకు కంచె వేసి, బావికి తాళం పెడుతున్నారు. జకరయ్య దాన్ని నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. తరువాతిది గాజాలో ఒక చర్చి ఆవరణ. ఖాళీ డబ్బాలతో పిల్లలు, వాళ్ల వెనక సిలువ.

"ఆడ మనోళ్లు గూడ ఉన్నరా?" అని జకరయ్య ఏడ్చేశాడు.

"మీవోళ్లని ఎరుకైనంకనే ఏడుపొచ్చిందా, జకరన్నా?" అన్నాడు మహబూబ్, మెల్లగా.

జకరయ్య ఫోను తిరిగి ఇచ్చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గు నెల రోజులైనా పోలేదు.

గుడ్ ఫ్రైడే రోజున ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. ఎప్పుడూ టీచర్లకో ఆఫీసువాళ్లకో ఇస్తారు. ఈసారి ఒకరు తగ్గితే అయిదోది, 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట, జకరయ్యకు వచ్చింది. నీళ్లవాడు గదా అని ఎవరో నవ్వులాటకు అన్నారు, అదే ఖాయమైంది.

పదకొండున్నరకు చర్చి గేటు దగ్గర సంఘపెద్ద రత్నాకరం గారు ఆపారు. ఆయన పుణ్యభూమి యాత్ర చేసి వచ్చిన మనిషి, కారు అద్దానికి ఇశ్రాయేలు జెండా అంటించుకున్నారు. జకరయ్య భార్య పోయినప్పుడు శవపెట్టె మోసిన నలుగురిలో ఆయనా ఒకరు. ఏం మాట్లాడతావని అడిగితే జకరయ్య దాచకుండా చెప్పాడు.

"అవన్నీ మనకెందుకు జకరయ్యా? దాహమంటే ఆత్మీయ దాహమని చెప్పి దిగిపో. రేపు నీకు మంచీ చెడూ వస్తే చూడాల్సింది ఈ సంఘమే కదా."

అది నిజమే. అతనికింకెవరూ లేరు.

రెండు గంటలకు అతని వంతు వచ్చింది. వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు.

"నాకు సదువు రాదు. పంతొమ్మిదేండ్ల సంది నీళ్లు పోస్తున్న. దూప ఎట్లుంటదో నాకెరుకే. ప్రభువు తిరిగిన గడ్డ మీద పిల్లలు దూపకు సస్తుండ్రు. ఆళ్ల నీళ్లు బంద్ పెట్టినోళ్లు గెలవాలని నేను ఈన్నే మోకాళ్లేసిన. మనమందరం ఏసినం. నా మట్టుకు నేను తప్పు చేసిన."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆరో మాటకు పాట ఎత్తుకున్నారు. జకరయ్య బెంచీల మధ్య నుంచి నడిచి బయటికొచ్చి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

జుమ్మా నమాజు ముగించి, సాయంత్రపు ట్రిప్పుకు పిలుచుకుపోదామని మహబూబ్ వచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"ఏమనలే." అరచేత్తో రొమ్ము రుద్దుకున్నాడు. "ముందుగాల నీకు చెప్పాల్సుండె. మాఫ్ చెయ్యి, మహబూబ్."

"చల్, గదేం మాట," అన్నాడు మహబూబ్.

జకరయ్య తల అతని భుజం మీదికి వాలింది. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని మహబూబ్ కదలలేదు. ఎండ ముఖం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

మూడింటికి ఆరాధన అయిపోయింది. అందరికంటే ముందు రత్నాకరం గారు బయటికొచ్చారు. ఆయన చేతిలో స్టీలు గ్లాసు ఉంది.

"ఉపవాసం అయిపోయిందయ్యా. తాగు," అన్నారు. జకరయ్య ముఖం వైపు చూడలేక గ్లాసు ముందుకు చాపారు. మరోసారి పిలిచారు. అప్పుడు మహబూబ్ తన చెయ్యి దించి జకరయ్య చెంప తాకి చూశాడు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

రత్నాకరం గారికి ఏం చెయ్యాలో తోచలేదు. గ్లాసు మహబూబ్ నోటి దగ్గరికి తెచ్చారు.

"పొద్దు గూకాలె, సార్," అన్నాడు మహబూబ్ ఏడుస్తూ.

నలుగురూ వచ్చి జకరయ్యను లోపలికి ఎత్తుకుపోయారు. ఒక కాలు మహబూబ్ పట్టుకున్నాడు, ఒక భుజం రత్నాకరం గారు పట్టుకున్నారు. చేతులు ఖాళీ చేసుకోవడానికి ఆయన మెట్టు మీద పెట్టిన గ్లాసు, అంచు దాకా నీళ్లతో, ఎండలో అక్కడే ఉంది.