కెప్టెన్ తల్లి

చిరిగిన సీటు కవరును పట్టి లాగేసరికి లోపలి స్పాంజి పసుపు పొడిలా రాలి ఆమె మోచేతుల దాకా అంటుకుంది. తుమ్మింది. రెండో తుమ్మును ముక్కు నలిపి ఆపుకుని, పాత స్పాంజిని మూలకు విసిరేసి, కొత్త రెక్సిన్ ముక్కను ఒడిలోకి లాక్కుంది. బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో, పెళ్లయిన కొత్తలో చేరింది మొదలు ఇదే పని. బస్సుల సీట్లు కుడుతుంది. అందుకే డిపోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ‘సీట్లక్క’. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఒక్కోసారి తల గోక్కుంటాడు.

మనిషి పొట్టి. మిషను మీద వంగీ వంగీ భుజాలు వయసుకంటే ముందే ముందుకు జారాయి. కత్తెర పిడి రాసుకుని బొటనవేలి పక్కన కాయ కాచి, ఆ చోట గోరుతో గీరినా తెలియదు. సూదిని పెదవుల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. కొత్తవాళ్లు ఆమె మాట అర్థం కాక రెండుసార్లు అడుగుతారు. పాతవాళ్లకు అది అలవాటైపోయింది.

ఈవేళ పని సాగడం లేదు. దారాలు తెంపుకునే చిన్న కత్తెర కనబడటం లేదు. సంచీ బోర్లించింది. మిషను కింద చూసింది. ఇంట్లో మర్చిపోయానేమోనని పొద్దున్న అలమర కూడా వెతికింది. చివరికి పళ్లతోనే కొరికి తెంపుతోంది.

“ఏం సీట్లక్కా, దారాలు తింటున్నావు? ఇంట్లో టిఫిన్ దొరకలేదా?” బస్సు కడగడానికి తెచ్చిన పొడుగు డ్రైవరు గుమ్మంలో తల వంచి నవ్వాడు.

“నువ్వు గుంత చూసుకుని తోలితే నాకీ తిండి తప్పేది. నువ్వు ఎగరేస్తావు, నేను కుట్టాలి.”

“అమ్మో, కెప్టెన్ తల్లితో మాకు మాటలెందుకులే!”

ఆమె సూదిని పెదవుల్లోంచి తీసి మరీ నవ్వింది. కూతురు స్కూలు వాలీబాల్ జట్టుకు కెప్టెన్ అయిన రోజు నుంచి డిపోలో ఆమెకు ఈ రెండో పేరు. కప్పు పట్టుకున్న కూతురి ఫోటో ఆమె ఫోనులో చూడనివాళ్లు డిపోలో ఎవరూ మిగల్లేదు. వచ్చే వారం పెద్ద పోటీలు. అందులో ఎంపికైతే ఆ పిల్లకు ఆటల హాస్టల్లో సీటు, చదువు, తిండి, బట్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. లారీ మీద తిరిగే మొగుడు ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఆ సంగతే.

సీటుకు నాలుగో వైపు కుడుతుండగా స్కూలు నుంచి ఫోను వచ్చింది. అటెండరు.

“మేడం మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారండీ.”

“పిల్లకు దెబ్బ తగిలిందా?”

“మీ పిల్లకు ఏం కాలేదు.” అవతల గొంతు కాస్త తటపటాయించింది. “మీరు రండి.”

మేస్త్రి ఆమె మొహం చూశాడు. “వెళ్లిరా. సీట్లు ఎక్కడికీ పారిపోవు,” అన్నాడు. మీ పిల్లకు ఏం కాలేదు అంటే మరి ఎవరి పిల్లకు ఏమైంది? దారి పొడుగునా ఆ మాటే ఆమె చెవిలో గింగురుమంది.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉన్నా గాలి ఆడనట్టే ఉంది. కోచ్ కిటికీని ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సీనియర్ ఆడపిల్లలు ముగ్గురు గోడ వారగా వరసలో నిలుచున్నారు. వాళ్లలో చివరిది తన కూతురు, తల వంచుకుని. ఎదురు కుర్చీలో ఒక సన్నటి మనిషి. మెడలో తువ్వాలు తీయడం మరిచిపోయి వచ్చినట్టున్నాడు. వీధి చివర సెలూన్ నడిపే మనిషని ఆమె గుర్తుపట్టింది. అతని పక్కన ఎనిమిదో తరగతి చదివే అతని కూతురు. నెల కిందటే జట్టులో చేరింది. తలకు స్కార్ఫు బిగించి కట్టుకుంది.

బల్ల మీద పాత కాగితం పరిచి ఉంది. దాని మీద నీలం రిబ్బను కట్టిన జడ. పక్కన చిన్న కత్తెర.

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కత్తెర పిడికి ఎర్ర రెక్సిన్ ముక్క చుట్టి, మూడు కుట్లు వేసి ఉంది. వేలు కోసుకోకుండా తన చేత్తో తానే వేసుకున్న కుట్లు.

“కూర్చోండమ్మా,” అంది హెడ్‌మిస్ట్రెస్. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. నిన్న సాయంత్రం ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో లైటు ఆర్పేశారు. కొత్తగా చేరిన ఈ పిల్లను బెంచీకి అదిమిపట్టి జడ కోసేశారు. ఎవరికైనా చెబితే జట్టులో ఉండవని బెదిరించారు. బెంచీ కింద ఈ కత్తెర దొరికింది. ఎవరిదో, ఎవరు కోశారో ముగ్గురిలో ఒక్కరూ నోరు విప్పడం లేదు.

కోచ్ కట్టుకున్న చేతులు విప్పాడు. “మేడం, పిల్లలు కాస్త హద్దు దాటారు, కాదనను. కానీ కొత్తవాళ్లను ఆటపట్టించడం ప్రతి జట్టులో ఉన్నదేనండీ. అలాగే ఒకళ్లకొకళ్లు దగ్గరవుతారు. వారంలో పోటీలు పెట్టుకుని సీనియర్లను పక్కన పెడితే జట్టు కుప్పకూలుతుంది. నేను గట్టిగా మందలిస్తాను, వదిలేయండి.”

సెలూన్ ఆయన అంతవరకూ నేల చూపులు చూస్తున్నవాడు తలెత్తాడు. “రోజూ కత్తెర పట్టేవాణ్ణి సార్ నేను. నిన్న రాత్రి దీని జుట్టు ఎగుడుదిగుడుగా ఉంటే సరిచేద్దామని కూర్చున్నాను. చెయ్యి వణికిపోయింది. నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

గదిలో అందరూ ఊరుకున్నారు. తనూ ఊరుకుంటే చాలు, అనిపించింది ఆమెకు. కత్తెర ఎవరిదో ఇక్కడ ఒక్కరికీ తెలియదు. పోటీలు అయిపోతాయి, హాస్టల్లో సీటు వస్తుంది. ఇంటికి తీసుకెళ్లి నాలుగు దులిపితే సరిపోతుంది. మొగుడికి ఫోను చేస్తే అతనూ అదే అంటాడు, మన పిల్ల పేరు మనమే బయటపెట్టుకుంటామా అని.

అప్పుడు ఆ చిన్నపిల్ల చెయ్యి స్కార్ఫు కిందికి పోయింది. మెడ వెనక వేళ్లు తడుముకున్నాయి. అక్కడ ఉండాల్సింది లేకపోయేసరికి చెయ్యి టక్కున ఒళ్లోకి వచ్చేసింది.

ఆ తడుముకోవడం ఆమె ఇదివరకే చూసింది. తన వంటింట్లోనే, కంచం ముందు. తన కూతురు చిన్నీ ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మెడ దాకా కత్తిరించిన జుట్టుతో ఇంటికొచ్చింది. ఆటకు అడ్డమొస్తోందని నేనే కత్తిరించుకున్నానంది. అన్నేళ్లు నూనె రాసి పెంచిన జుట్టని తను రుసరుసలాడి, మర్నాడు డిపోలో ‘మా పిల్ల మగరాయుడైపోయింది’ అని నవ్వుతూ చెప్పుకుంది. ఆ రాత్రులన్నీ చిన్నీ తల మీదుగా దుప్పటి కప్పుకుని పడుకుంది. ఉక్కగా ఉంటే ఎందుకే అని దుప్పటి లాగేసింది తప్ప, ఇంకో మాట అడగలేదు.

ఆమె లేచి నిలబడింది.

“ఆ కత్తెర నాదండీ మేడం. నిన్నటి నుంచీ వెతుక్కుంటున్నాను.”

గోడ వారగా ఉన్న చిన్నీ తలెత్తి తల్లిని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“చిన్నీ,” అంది తల్లి. “నువ్వే కోశావా?”

తల ఊపింది.

“మరి అప్పుడు నీ జుట్టు ఎవరు కోశారే?”

అంతే. చిన్నీ మొహమంతా ముడుచుకుపోయింది. ఎప్పటి నుంచో అదిమిపెట్టిన ఏడుపు ఒక్కసారిగా పొంగింది. “అప్పటి కెప్టెనక్క. వాళ్లూ ఇలాగే లైటు తీసేసి... నేను సార్‌కి చెప్పానమ్మా. మర్నాడే చెప్పాను. సార్ నవ్వేసి, జుట్టే కదా, మళ్లీ వస్తుందిలే అన్నారు. ఇంక ఎవరికి చెప్పమంటావు? తర్వాత అందరూ అదే చేస్తున్నారు... కెప్టెన్ అంటే అది చెయ్యాలనుకున్నాను.”

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోచ్ కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు. లేదు, నేనలా అనలేదు, అని మాత్రం అనలేదు.

తల్లి కూతురి దగ్గరికి నడిచింది. కొడుతుందేమోనని చిన్నీ భుజాలు ముడుచుకుంది. ఆమె చెయ్యి కూతురి చెంప మీద ఆనింది, అంతే. “నీకు జరిగింది నేను కనిపెట్టలేకపోయాను. అది నా మీద ఉంటుంది. ఈ పిల్లకు చేసింది మాత్రం నీది. ఏడుపుతో కడిగేసుకుందామనుకోకు. వెళ్లి చెప్పు.”

చిన్నీ ఆ చిన్నపిల్ల కుర్చీ ముందు నిలబడింది. “నేనే కోశాను. నువ్వు ఏడుస్తున్నా ఆపలేదు. తప్పు చేశాను.”

చిన్నపిల్ల ఆమెను తేరిపార చూసింది. “నీతో ఇప్పుడే మాట్లాడను,” అంది.

“మాట్లాడక్కర్లేదమ్మా,” అంది హెడ్‌మిస్ట్రెస్. “నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడే.” తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. ఈ పోటీలకు ముగ్గురు సీనియర్లూ వెళ్లరు. కెప్టెన్సీ పోయింది. జట్టులోంచి తీసెయ్యదు కానీ, తిరిగి ఆడాలంటే ఏడాదంతా వాళ్ల నడత చూశాకే. కొత్తగా చేరినవాళ్లందరితో తనే విడివిడిగా కూర్చుని మాట్లాడుతుంది. బట్టలు మార్చుకునే గది బయట ఇక మీదట ఒక టీచరు ఉంటుంది, ఆట జరిగినంతసేపూ ఎవరో ఒక తల్లో తండ్రో వచ్చి కూర్చోవాలి. కోచ్ వైపు తిరిగి, కమిటీ విచారణ అయ్యేదాకా మీరు గ్రౌండుకు రావద్దండీ అంది. “పిల్ల వచ్చి చెబితే వినాల్సింది మనం సార్. మీరు వినలేదు. మీరు వింటున్నారో లేదో నేను కనుక్కోలేదు.”

సెలూన్ ఆయన కూతురి వైపు వంగాడు. “ఇంక చాలా తల్లీ? వేరే స్కూలు చూద్దామా?”

“నేనెందుకు పోవాలి నాన్నా? జడ పోయింది కానీ చేతులు ఉన్నాయిగా. సర్వీసు వెయ్యొద్దా?”

ఆ మాటకు తండ్రికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెంటినీ తువ్వాల్లోకే తుడిచేసుకున్నాడు. గది దాటుతూ సీట్లక్క దగ్గర ఒక్క క్షణం ఆగాడు. “మీరు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదండీ,” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు తెలుస్తుంది కదా అందామనుకుంది. సూది లేకపోయినా మాట పెదవుల మధ్యే ఆగిపోయింది.

వరండాలో కూతురు ఆమె వెనకే నడిచింది. “అమ్మా, తిట్టవా?”

“తిడతాను. తీరిగ్గా ఇంటికెళ్లాక తిడతాను. మీ నాన్న ఫోను చేశాక ఆయన వంతు ఆయన తిడతాడు. ముందు ఇది చెప్పు, అన్నం తిన్నావా?”

“నిన్నటి నుంచీ తినబుద్ధి కాలేదు.”

“పద.”

క్యాంటీన్లో చిన్నీ రెండు ప్లేట్లు ఖాళీ చేసింది. మధ్యలో ఒకసారి ఆగి, “అమ్మా, హాస్టలు సీటు పోయినట్టేగా?” అంది. పోయినట్టేనంది తల్లి. చిన్నీ కాసేపు కంచంలోకి చూసి, మళ్లీ తినసాగింది. చాలాకాలంగా ఆ పిల్ల భుజాలు చెవుల దాకా బిగుసుకుని ఉండేవని, ఇప్పుడవి కిందికి జారాకే తల్లికి తెలిసింది. తన గుండెల మీది బరువూ ఎవరో చేత్తో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఇంటి ఖర్చు ఎలా తట్టుకోవాలో తర్వాత చూసుకోవచ్చు. పిల్ల అన్నం తింటోంది.

సాయంత్రం మొదటి వంతు తనదే అని ఆమె కోర్టు పక్క బల్ల మీద కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ చెప్పులు విప్పేసి గీత అవతల నిలబడి, నియమాలు సరిగా తెలియకపోయినా గట్టిగా చప్పట్లు కొడుతోంది. చిన్నపిల్ల స్కార్ఫు తీసి నడుముకు చుట్టుకుంది. పొట్టి జుట్టు ఎండలో నిక్కబొడుచుకుని ఉంది. మొదటి సర్వీసు నెట్టుకు తగిలింది. రెండోది అవతల మూలన పడింది. అందరూ అరిచారు. గోడ దగ్గర బంతులు ఏరుతున్న చిన్నీ అరవలేదు కానీ, ఆ బంతిని తెచ్చి నేల మీదుగా మెల్లిగా దొర్లించింది. చిన్నపిల్ల ఆమె వైపు చూడకుండానే అందుకుంది.

కోచ్ స్టోరు గదిలో సామాన్లు సర్దుకుని, తాళాలు అటెండరు చేతిలో పెట్టి వచ్చాడు. సీట్లక్క పక్కన ఆగాడు. “ఇన్నేళ్లలో అది తప్పని నాకు తట్టలేదమ్మా. నాకూ అలాగే చేశారు, చిన్నప్పుడు.”

“ఇప్పుడు తట్టిందిగా సార్.”

ఆయన భుజాన సంచీతో చెట్ల వెనక నుంచి పక్క గేటు వైపు నడిచాడు. ఆటలో మునిగిన పిల్లలు ఎవరూ తల తిప్పలేదు. గేటు మూసుకున్న చప్పుడు కూడా అరుపుల్లో కలిసిపోయింది.

కోర్టు చివర ఆయన రోజూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో తెల్ల టోపీ ఒకటి వెల్లకిలా ఉండిపోయింది. అంచు చుట్టూ చెమట మరక, లోపల ఒక తల గుండ్రం ఇంకా అలాగే ఉంది.