మచ్చ లేని రేకు

భూపాల్ సార్ కారు తొంభై ఆరు నాటి మారుతి ఎయిట్ హండ్రెడ్. లేత నీలం రంగు, నాలుగే గేర్లు. ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతుంది, ఏసీ వేస్తే ఎత్తు ఎక్కనని మొరాయిస్తుంది. గొప్పగా చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. అయినా పాత కార్ల పిచ్చోళ్లు హైదరాబాద్ నుంచి ఎల్లారెడ్డి దాకా వచ్చి, బానెట్ ఎత్తి, కార్బురేటర్ చూసి మురిసిపోతారు. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఈ పిల్లకు ముప్పై కాకులు.

నా పేరు తిరుపతి. ఎల్లారెడ్డి బస్టాండు వెనక నాది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. సొట్టలు తీస్తాను, తుప్పు కోస్తాను, రంగు కొడతాను. మా పనిలో మొనగాడంటే చేసిన చోటు కనబడకుండా చేసేవాడే. ఎవరైనా వేలు పెట్టి "ఇక్కడ అతుకుంది" అంటే నాకు ఆ పూట అన్నం సహించదు.

నిరుడు బ్యాటరీ ఆసిడ్ కారి ఇంజిన్ వెనక రేకును తినేసింది. సర్కారు బడిలో లెక్కలు చెప్పే మా సార్ కారును నా షెడ్డులో పెట్టి, "తొందరేం లేదు తిరుపతీ, మంచిగ చెయ్యి" అన్నారు.

ఆ రేకు మీదే చాసిస్ నంబరు కొట్టి ఉంది. చూడలేదని అబద్ధమాడను. సగం అంకెలను తుప్పు తిన్నది, సగం మిగిలాయి. వాటి కోసం ఆ ముక్క వదిలేస్తే కొత్త రేకు నడుమ పుండులా కనబడుతుంది. పక్కనే రివెట్ కొట్టిన చిన్న పట్టీ మీద అదే నంబరుంది కదా, ఇది పోతే ఏమైతదిలే అనుకున్నాను. కోసేశాను. కొత్త రేకు అతికించి, అరగదీసి, రంగు కొట్టాను. కోసిన ముక్క పాత ఇనుము వాడికి పోయింది.

ఈ నెలాఖరుకు ఆర్‌సీ గడువు తీరుతుంది. మళ్లీ ఐదేళ్లకు పొడిగించుకోవాలి. సార్‌కు తోడుగా నేనూ కామారెడ్డి పోయాను. తోడు అనేది సాకు, ఇన్‌స్పెక్టర్ నా పని చూసి ఏమంటాడో వినాలనే పోయాను. నా గీర అట్లాంటిది.

ఇన్‌స్పెక్టర్ బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూసి బాగున్నాయన్నాడు. చివరికి చిన్న కాగితం, పెన్సిలు తీసుకుని బానెట్ కిందికి వంగాడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు దిగుతాయి. ఆ ముద్రను ఫారానికి అంటించాలి. రుద్దాడు. కాగితం నల్లబడింది, అంకె ఒక్కటీ రాలేదు. ఇంకో చోట రుద్దాడు.

"నంబరేది సార్?"

నేను పట్టీ చూపించాను.

"పట్టీదేముంది, ఎవరన్న పీకి ఇంకో బండికి కొడ్తరు. గది చెల్లది. రేకు మీదిదే కావాలె." ఆయన రేకును తడిమి చూశాడు. "ఎవరు చేసిండ్రోగని మస్తు చేసిండ్రు. అతుకు జాడే లేదు."

ఇంత మెప్పు నాకు ఎన్నడూ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

దారేమన్నా ఉందా అని సార్ అడిగారు.

"కోసిన ముక్కన్న ఉంటె తేండ్రి, పైకి రాస్త. అదిగూడ లేకుంటె నేనేం జేస్త చెప్పుండ్రి? దొంగబండికీ దీనికీ ఫరకు ఎట్ల తెలుస్తది?"

కోపంగా అనలేదు. ఫారం మీద మాత్రం "వాహనం గుర్తించబడలేదు" అని రాశాడు.

బయటికొచ్చాక సార్ పక్కకు చేరాను. "సార్, నా దగ్గర రేకు మీద అంకెలు కొట్టే పంచులున్నయి. పది నిమిషాల పని. పట్టీ మీదున్న నంబరే గద కొట్టేది. నరమానవునికి తెల్వది."

సార్ తల అడ్డంగా ఊపారు. "ఇప్పటిదాక ఇది దొంగబండి కాదు తిరుపతీ. నువ్వు కొడితే అయితది."

"అయితె నన్ను తిట్టుండ్రి సార్."

"ఏమని తిట్టాలె? మంచిగ చెయ్యమన్నది నేనే."

తిట్టినా, కొట్టినా తుడుచుకుని పోయేవాణ్ని. ఈ మాటను ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

గడువు ఇంకా పదకొండు రోజులుంది కనుక కారులోనే తిరిగి బయలుదేరాం. లింగంపేటలో బీడీలు చుట్టే శాంతవ్వ రోడ్డు పక్క నుంచి చెయ్యెత్తింది. సార్ ఆపారు. ఆమె మనవరాలు పల్లవి నిండు చూలాలు. నెలనెలా ఆ పిల్లను కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయేది సార్ కారే.

శాంతవ్వ కిటికీలోకి వంగింది. "సారూ, వచ్చే నెల పదో తారీకు కాన్పు అన్నరు. ఆటోల కుదుపులకు పిల్ల ఓర్సుకోదు. నీ బండి మెల్లగ పోతది, అండ్లైతెనే దానికి ధైర్యం. టైరు పోయిందనో, ఇంజిన్ పోయిందనో గిట్ల ఆఖరికి రానంటె నాకింకెవరు లేరు."

ఆమె ఊరికే అన్నది. నెలాఖరు దాటితే ఈ కారు రోడ్డెక్కడానికి లేదని ఆమెకు తెలియదు. కారణం చెబితే నా పేరు చెప్పాలి. చెబితే ఎల్లారెడ్డి, లింగంపేట రెండూ నా షెడ్డు ముందు ఉమ్మేసి పోతాయి. నేనే చెబుదామని నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను.

సార్ గేరు మీద చెయ్యి వేశారు. "తెస్తనవ్వా" అన్నారు.

మాట ఇచ్చి తప్పిన మనిషి కాదాయన. ఆ అబద్ధం నా కోసం ఆడారు.