గోడవైపు చోటు

తాళ్ల దుకాణం యజమానిని బజారంతా కొసరు షావుకారు అనేవారు. పది బారల తాడు కొంటే పైన మూరెడు కొసరు వేసేవాడు మరి. చేతులు బార్లా చాపి కొలిచేటప్పుడు తాడంతా ఆయన అరచేతుల్లోంచి జారాల్సిందే. పోగు లేచినా, పేట సడలినా కంటికంటే ముందు చేతికి తెలిసేది. “నా చేతిలోంచి పోయిన తాడు తెగదు” అనేవాడు. రెండేళ్లుగా ఆ మాట అనడం మానేశాడు.

అది ఎవరూ గమనించలేదు. అందరూ గమనించింది వేరే. నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పళ్లేలు బయటికి రాకముందే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. దుకాణానికి సరుకు వస్తోందనేవాడు.

“ఆదివారం కూడా మీ కోసం లారీ తోలే ఆ మహానుభావుడెవరండీ?” అని భార్య దెప్పేది.

ఆ ఆదివారం ఇద్దరూ ఆలస్యంగా వెళ్లారు. ఆవిడ ఆడవాళ్ల వైపు పోతూ ఆయన్ని గోడ పక్క బల్లలోకి తోసింది. ఇద్దరు పట్టే బల్ల. కాసేపటికి రంగుల మేస్త్రీ వచ్చి బయటి వైపు కూర్చున్నాడు. అతని కుడికాలు మోకాలి దగ్గర వంగదు. దాన్ని ముందు బల్ల కిందికంటా చాపాడు. అడ్డగడియ వేసినట్టయింది. షావుకారుకు ఒకవైపు గోడ, ఒకవైపు ఆ కాలు.

రెండేళ్ల కింద మేస్త్రీ తాడు కట్టుకుని మూడో అంతస్తు గోడకు రంగు వేస్తూ పడిపోయాడు. పైన తాడు కట్టింది అతని తమ్ముడు. ముడి జారిందన్నారంతా. మేస్త్రీ కూడా అదే నమ్మాడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటల్లేవు. వాడు రంగుల పని మానేసి బస్తాలు మోస్తున్నాడు.

అసలు సంగతి షావుకారు ఒక్కడికే తెలుసు. అంతకు వారం ముందు దుకాణం వెనక గదిలో యాసిడ్ డబ్బా కారి ఒక తాడు చుట్ట తడిసింది. ఆరబెట్టి మళ్లీ చుట్టాడు. మేస్త్రీకి కొలిచిచ్చేటప్పుడు ఏడో బార దగ్గర అరచేతి కింద పోగులు పెళుసుగా, ఎండుగడ్డిలా తగిలాయి. అక్కడ కోస్తే చుట్టంతా పాడైపోయినట్టే. ఎదురుగా మేస్త్రీ నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. చెయ్యి ఆగలేదు. ఆ రోజు కొసరు రెండు మూరలు వేశాడు.

పడ్డ రోజు అందరికంటే ముందు పరుగెత్తిందీ ఆయనే. తమ్ముడితో సహా జనమంతా పడ్డ మనిషి చుట్టూ మూగితే ఆయన పైకెక్కి, ముడితో మిగిలిన ముక్క కూడా విప్పి, తాడంతా చుట్టి పట్టుకొచ్చేశాడు. అది ఇప్పటికీ దుకాణంలో ఆయన కూర్చునే చెక్కపెట్టెలోనే ఉంది. రోజూ దానిమీదే కూర్చుని వ్యాపారం.

ఆ తరువాత ఆస్పత్రి ఖర్చు పెట్టాడు. చర్చికి ఫ్యాన్లు పెట్టించాడు, బల్లలు చేయించాడు. తక్కెడలో ఇటువైపు ఎన్ని వేసినా అవతలి తట్ట లేవలేదు.

“ప్రభువు క్షమాపణ ఊరికే ఇస్తాడన్నా, చెయ్యి చాపితే చాలు” అన్నాడు పాస్టరు ఒకసారి.

ఊరికే ఇచ్చేదాని వెనక ఏం దాగుంటుందో తనకు తెలిసినంత ఎవరికి తెలుసు అనుకున్నాడు షావుకారు.

ఇప్పుడు పళ్లెం ముందు వరస నుంచి వస్తోంది. “ఎవరినైనా నొప్పించి ఉంటే ముందు సమాధానపడండి” అంటున్నాడు పాస్టరు.

“మేస్త్రీ, కాస్త కాలు...” అన్నాడు షావుకారు.

“ఇది మడిచే కాలు కాదుగా షావుకారు గారూ. లారీ వచ్చిందా? దూకండి మరి.”

పళ్లెం వచ్చింది. మేస్త్రీ ఒక చిన్న గ్లాసు తీసుకుని పళ్లెం ఇటు చాపాడు.

“తీసుకోండి.”

“నా వల్ల కాదు.”

“ఏం, చెయ్యి నొప్పా?”

“మీ తమ్ముడి ముడి జారలేదు మేస్త్రీ. తాడే తెగింది. అమ్మేటప్పుడే నాకు తెలుసు.”

మేస్త్రీ గ్లాసు మళ్లీ పళ్లెంలో పెట్టి, పళ్లెం వెనక బల్లకు అందించాడు. వెనక ఎవరో దగ్గారు.

“మా ఇంటికి ఎన్నిసార్లొచ్చావు నువ్వు?” అన్నాడు. అన్నేళ్లలో ఎప్పుడూ షావుకారును నువ్వు అనలేదు.

“చాలాసార్లు.”

“వచ్చినప్పుడల్లా వాణ్ని తిట్టాను. టీ తాగుతూ విన్నావు.”

“విన్నాను.”

షావుకారు తల గోడకు ఆనించాడు. ప్రార్థన అంటే ఆయనకు ఎప్పుడూ బేరమే, ఇది చేస్తాను, అది వదిలెయ్యి అని. ఈసారి పెట్టడానికి చేతిలో ఏమీ లేదు. ప్రభువా, నేనే, అన్నాడు లోపల. బరువేమీ దిగలేదు. లెక్క మాత్రం ఆగిపోయింది.

మేస్త్రీ ముందు బల్ల పట్టుకుని లేచాడు. గడియ తీసినట్టు దారి తెరుచుకుంది.

“లే.”

“ఎక్కడికి?”

“తాడు ఉందా, పారేశావా?”

“ఉంది.”

“అది పట్టుకుని మావాడి దగ్గరికి. నేనొక్కణ్నే వెళ్తే నమ్మడు. రెండేళ్లు తిట్టిన నోరిది.”

“నన్ను క్షమిస్తావా మేస్త్రీ?”

“నన్నిప్పుడు అడగకు. మెట్లు దిగాలి, భుజం ఇయ్యి.”

ఇద్దరూ నడవలోకి వచ్చేసరికి పాస్టరు ఆగిపోయి చూశాడు. తన దగ్గరున్న పళ్లెంలోంచి రెండు గ్లాసులు తీసి పక్కన పెట్టి తెల్లగుడ్డ కప్పబోయాడు.

“మూడు ఉంచండి పాస్టరు గారూ” అన్నాడు మేస్త్రీ, వెనక్కి తిరగకుండానే.

అతని బరువంతా షావుకారు భుజం మీద పడింది. మొదటి మెట్టు దిగారు.