మడమక్క మీద గుచ్చిన కొమ్మలు

పొద్దున మడమక్కను మట్టి మింగింది. మధ్యాహ్నానికి ఆ మట్టిని డోజర్‌తో చదును చేశారు. సాయంత్రానికి దాని మీద పచ్చటి కొమ్మలు గుచ్చారు. కార్మికులారా, విద్యార్థులారా, ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. నేను అక్కడే పార పట్టుకుని నిలబడి ఉన్నాను.

మా గనిలో తీయాల్సిందంతా తీసుకుని కంపెనీ గేటు మూసేసింది. లోపలి నుంచి ఎత్తిపోసిన మట్టి మాత్రం మా కాలనీ వెనకే గుట్టగా మిగిలింది. అది జారకుండా దాని మీద చెట్లు పెంచాలి. అవి వేళ్ళూనాయో లేదో ఆఫీసర్లు వచ్చి చూసి, బతికాయని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడిందా, ఇక గుట్టకూ కంపెనీకీ సంబంధం లేదు. గుట్ట మా నెత్తిన ఉంటుంది, వాళ్ళు చేతులు దులుపుకుని పోతారు.

మొక్కలు నాటే మా ఆడవాళ్ళ ముఠాకు మడమక్క పెద్ద. మొక్క పెట్టాక చుట్టూ మడమతో నొక్కి, వంగి, రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూసేది. ఊడివస్తే మళ్ళీ నాటించేది. రాకపోతే "ఊఁ, ఉండవే తల్లీ" అని ముందుకు నడిచేది. ఆ పేరు అలా వచ్చిందే. ఆ అలవాటు మా అందరికీ అంటుకుంది. టీ గ్లాసు కింద పెట్టినా లాగి చూస్తున్నారని మా మగవాళ్ళు ఏడిపించేవారు.

ఎంత నొక్కితే ఏం లాభం! మంచి మట్టి పొర వెయ్యమంటే కాంట్రాక్టరు వెయ్యలేదు. నీళ్ళ ట్యాంకరు ఆఫీసర్లు నడిచే బాట పక్కనే తిరిగేది. పైన నాటినవన్నీ ఎండి పుల్లలయ్యాయి. వాన పడ్డాక గుట్ట నెర్రెలు విచ్చింది. అప్పుడే తనిఖీ అన్నారు. కాంట్రాక్టరు లారీ నిండా కొమ్మలు నరికించి తెచ్చాడు.

"పైనంతా గుచ్చేయండి. రేపు ఆఫీసరమ్మ వెళ్ళేదాకా వాడిపోకుండా ఉంటే చాలు."

మడమక్క ఒక కొమ్మ తీసి నరికిన చోటు చూసింది. "వేరు లేనిదాన్ని ఏం నాటమంటావు బాబూ? పైన నెర్రెలో చెయ్యి దూరిపోతోంది. ముందు అది చూడు."

"నువ్వొచ్చింది గుచ్చడానికి. నెర్రెలు చూడ్డానికి కాదు."

"చూపిస్తాగా" అని ఆమె ఒక్కతే పైకెక్కింది. నెర్రె పక్కన నిలబడి మావైపు చెయ్యి ఊపింది. ఆమె నిలబడ్డ నేలంతా ఒక్కసారిగా కిందికి జారింది. అరుపు కూడా వినపడలేదు.

పారలతో తవ్వాం, గోళ్ళతో తవ్వాం. మడమక్క కూతురు మొక్కలకు పెడుతున్న నీళ్ళ పైపు పడేసి పరిగెత్తింది. కంపెనీ కాపలావాళ్ళు మమ్మల్ని జుట్టు పట్టుకుని ఈడ్చారు. డోజర్ వచ్చింది. కూతురు దానికి అడ్డంగా పడుకుంది. ఇద్దరు ఆమెను కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి పక్కన పడేశారు. డోజర్ ముందుకు సాగింది.

"మీ అమ్మ ఇవాళ పనికే రాలేదమ్మా" అన్నాడు కాంట్రాక్టరు తాపీగా. "ఊరెళ్ళిందేమో కనుక్కో."

కొమ్మలు గుచ్చమంటే మేం పారలు విసిరేసి దిగివచ్చాం. కాపలావాళ్ళే గుచ్చుకున్నారు.

పొద్దు వాలేవేళ కాలనీ అంతా కుళాయి దగ్గర చేరింది.

"అర్జీ పెడదాం" అన్నాడు డ్రిల్లర్ బాబాయ్. ఊపిరితిత్తులు గనికిచ్చి ఇంటికొచ్చిన మనిషి. "గొడవైతే పోలీసులొస్తారు."

"అర్జీ చదివేలోపు సంతకం పడిపోతుంది బాబాయ్" అన్నాను.

"పిల్లల్ని వదిలి జైలుకెళ్ళమంటావా?" అంది మొక్కలు పెంచే నర్సరీ వదిన.

"ఆ పిల్లల్ని ఆ గుట్ట కిందేగా పడుకోబెడుతున్నావు!" అన్నాను.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న కూతురు లేచింది. "రాళ్ళొద్దు. కేకలొద్దు. అమ్మ నేర్పిన పని చేద్దాం. ఆ ఆఫీసరమ్మ కళ్ళెదుటే లాగి చూద్దాం."

బాబాయ్ చాలాసేపు దగ్గాడు. "సరే. పార నేను తెస్తా. దుంగలు కూడా తెస్తా. జారే మట్టిని ఎలా తవ్వాలో వాళ్ళకేం తెలుసు?"

మర్నాడు ఆఫీసరమ్మ వచ్చింది. నమూనాకని నేల మీద చెక్క చట్రం పెట్టించి, అందులో ఎన్ని మొక్కలున్నాయో బాట మీద నుంచే లెక్కపెట్టించింది. "బాగానే పట్టాయే" అని కలం మూత తీసింది. కూతురు గుట్ట మీదికి నడిచింది.

"ఏయ్, ఎక్కడికి?" అని అరిచాడు కాంట్రాక్టరు.

"మొక్క చూడ్డానికి సార్. మా పనేగా."

మడమతో నొక్కింది. వంగి, రెండు వేళ్ళతో మెల్లగా లాగింది. కొమ్మ చేతికొచ్చింది. ఆమె వెనకే మేమంతా వెళ్ళాం. నొక్కాం, లాగాం. చూస్తుండగానే గుట్ట బోడి అయింది. కొమ్మలన్నీ ఆ చట్రంలోకే విసిరాం.

"మేడమ్, దీని కింద మా అమ్మ ఉంది."

"తల్లి పోయిన బాధలో ఏదేదో అంటోంది మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు.

"నిన్న ఊరెళ్ళిందన్నావుగా!" నర్సరీ వదిన కేక గుట్టంతా వినపడింది. "పోయిందని నీకెవరు చెప్పార్రా?"

ఆఫీసరమ్మ కలం మూసింది. మా దగ్గరికి వస్తుందనుకున్నాం. జీపులో కూర్చుని అద్దం ఎత్తుకుని పోలీసులకు ఫోన్ చేసింది.

బాబాయ్, పాత గని కార్మికులు పక్క నుంచి దుంగలు ఆనించుకుంటూ తవ్వారు. ముందుగా మడమే కనిపించింది. పగుళ్ళ నిండా మట్టి. కూతురు దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయింది.

పోలీసులు దిగారు. "సర్కారు మొక్కలు పీకుతారా? పదండి."

ఆ పిల్ల చుట్టూ మేం చేతులు గొలుసు కట్టి నిలబడ్డాం. ముందున్న పోలీసు నా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగి చూశాడు. నేను కదల్లేదు. తర్వాత లాఠీలు లేచాయి. వదిన తల పగిలింది. ఆ పిల్లను తల్లి కాలి దగ్గర నుంచి ఊడబెరికి తీసుకుపోయారు.

ఆ పిల్ల ఇప్పుడు జైల్లో ఉంది, మొక్కలు పీకిన నేరానికి. కాంట్రాక్టరు ఇంట్లో ఉన్నాడు. కానీ సంతకం పడలేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ లారీ నిండా కొమ్మలొచ్చాయి. కాలనీ మొత్తం బాటకడ్డంగా నిలబడి ఉంది. ముందు వరసలో డ్రిల్లర్ బాబాయ్ దగ్గుతూనే చెప్పులు విడిచి, మడమలు నేలలోకి నొక్కుతున్నాడు.